బెంగళూరులో మొదటి కారు: అవసరం ఎక్కడ ఆగాలి, నడిపే సరదా ఎక్కడ మొదలవ్వాలి

షోరూముకి వెళ్లే ముందు ఒక నోటుబుక్కు తీసుకోండి. నెల రోజుల పాటు మీరు ఎక్కడెక్కడికి వెళ్తున్నారో, ఎవరితో వెళ్తున్నారో, ఎన్ని కిలోమీటర్లో రోజూ రాత్రి ఒక లైను రాసి పెట్టండి. ఇప్పుడు కారు లేకపోయినా సరే. ఆఫీసు క్యాబు, మెట్రో, ఆటో, బైకు, ఊరికి వెళ్లిన బస్సు, అన్నీ రాయండి. మొదటి కారు కొనే మన తెలుగువాళ్లలో ఈ పని చేసేవాళ్లు చాలా తక్కువ. యూట్యూబ్‌లో వీడియోలు చూస్తారు, ఆఫీసులో నలుగురిని అడుగుతారు. ఒకరు "మైలేజీ చూడు" అంటారు, ఇంకొకరు "పికప్ లేకపోతే అదేం కారు" అంటారు. ఇద్దరూ వాళ్లు తిరిగే రోడ్లను బట్టి చెబుతారు. మీరు తిరిగే రోడ్ల సంగతి మీ నోటుబుక్కులోనే తెలుస్తుంది.

నేను అది రాయకుండానే కొన్నాను. అనంతపురం నుంచి వచ్చి మారతహళ్లి దగ్గర అద్దెకుంటున్న రోజులవి. ఇంజిను బాగా లాగుతుందని, చూడ్డానికి నేలకు అతుక్కున్నట్టు ఉంటుందని ఒక హ్యాచ్‌బ్యాక్ కొన్నాను. నడిపితే నిజంగానే బాగుండేది. నెల తిరక్కుండా నాన్న ఊరి నుంచి వచ్చారు. ఆయనకు కుడి మోకాలు వంగదు. ఒక చేత్తో కారు పైకప్పు అంచు పట్టుకుని, సీట్లోకి పక్కగా కూర్చుని, ఇంకో చేత్తో మోకాలి కింద పట్టి కాలిని లోపలికి ఎత్తి పెట్టుకునేవారు. దిగేటప్పుడు నేను భుజం పట్టి లేపాల్సి వచ్చేది. నాలుగో రోజుకి "నేను ఆటోలో వస్తాలే నాయనా, మీరు పదండి" అన్నారు. ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు. ఆయన నడుముకు ఏ ఎత్తులో సీటు కావాలో టేపుతో కొలవడానికి ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషం నేను పెట్టలేదు.

అందుకే ముందే చెబుతున్నాను. అవసరాన్ని, సరదాని తక్కెడలో రెండు వైపులా పెట్టి తూచకండి. అవసరానికి జల్లెడ పట్టాలి. కారు మీ అవసరానికి సరిపోతుందా, లేదా, అంతవరకే చూడండి. సరిపోయాక ఇంకా ఎక్కువ చోటు, ఇంకా పెద్ద డిక్కీ, ఇంకో రెండు సీట్లు ఉన్నా వాటితో మీకు ఒరిగేదేమీ లేదు. జల్లెడలో మిగిలిన రెండు మూడు కార్లలో మాత్రం నడిపేటప్పుడు మీకు ఏది హాయిగా ఉంటే దాన్నే, మొహమాటం లేకుండా తీసుకోండి.

మొదటి జల్లెడ: నోటుబుక్కు

నెల అయ్యాక లైన్లన్నీ కూడండి. మీరు కె.ఆర్.పురం నుంచి సిల్క్ బోర్డ్ వైపు రింగు రోడ్డు మీద రోజూ కారులోనే వెళ్లాల్సిన వాళ్లా? అయితే మీ కారు జీవితంలో ముప్పావు భాగం మొదటి గేరు, రెండో గేరులోనే గడుస్తుంది. అదే మీ ఇల్లు, ఆఫీసు మెట్రో దారిలో ఉంటే లెక్క పూర్తిగా మారిపోతుంది. పర్పుల్ లైను 2023 అక్టోబరులో చల్లఘట్ట నుంచి వైట్‌ఫీల్డ్ దాకా పూర్తయింది. 2025 ఆగస్టులో ఆర్.వి.రోడ్ నుంచి బొమ్మసంద్ర వరకు యెల్లో లైను మొదలైంది. వారమంతా మెట్రోలో వెళ్లి, శని ఆదివారాల్లో నంది కొండకో, నెలకోసారి ఊరికో వెళ్లేవాళ్లకి కారు అంటే హైవే, ఘాటు రోడ్డు. అలాంటివాళ్లు సరదా వైపు ధైర్యంగా మొగ్గవచ్చు. ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కి తొక్కి ఎడమ మోకాలు నొప్పి పుట్టే బాధ వాళ్లకు ఉండదు.

మైలేజీ మీద భయం కూడా ఇక్కడే తేల్చుకోండి. రోజుకి 30 కిలోమీటర్లు, నెలకి 22 రోజులు అంటే 660 కిలోమీటర్లు. ట్రాఫిక్‌లో లీటరుకి 14 ఇచ్చే కారుకి సుమారు 47 లీటర్లు, 11 ఇచ్చే కారుకి 60 లీటర్లు పడుతుంది. తేడా 13 లీటర్లు. నూరు రూపాయల లెక్కన నెలకి 1,300. అది మీకు భారమా కాదా అన్నది మీకే తెలుస్తుంది. మెట్రోలో వెళ్లేవాళ్లకు ఆ తేడా ఇంకా తక్కువ.

డబ్బు: ఆన్‌రోడ్ ధరే అసలు ధర

కర్ణాటకలో లైఫ్ ట్యాక్స్ (కారు కొన్నప్పుడు ఒకేసారి కట్టే రోడ్డు పన్ను) దేశంలోనే ఎక్కువగా ఉండే రాష్ట్రాల్లో ఒకటి. పెట్రోలు, డీజిలు కార్లకు ధరను బట్టి 13 నుంచి 18 శాతం, దాని మీద సెస్సు. ఎక్స్-షోరూమ్ ధర (రోడ్డు పన్ను, ఇన్సూరెన్సు కలపని ధర) 10 లక్షలు దాటగానే శ్లాబు 14 నుంచి 17 శాతానికి పెరుగుతుంది. కాబట్టి పది లక్షల అంచున ఉన్న వేరియంట్ చూసేటప్పుడు "ఇంకో ఇరవై వేలే కదా" అనుకోకండి, అవన్నీ కలిపిన ఆన్‌రోడ్ కొటేషన్ రెండింటికీ రాయించుకుని పక్కపక్కన పెట్టి చూడండి.

"మన ఊరి అడ్రసు మీద ఏపీ నంబరు వేయిద్దాం" అనే సలహా తప్పకుండా వస్తుంది. వేరే రాష్ట్రం బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే ఇక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలి, ఇక్కడి ట్యాక్సు కట్టాలి. ఆ తర్వాత ఊళ్లో కట్టినది తిరిగి తెచ్చుకోవడానికి ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరగాలి. బెంగళూరులో ఉండబోయేవాళ్లకి నేను ఆ సలహా ఇవ్వను.

2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ రేట్లు మారాయి. పొడవు నాలుగు మీటర్ల లోపు ఉండి, పెట్రోలు ఇంజిను 1200 సీసీ లోపు, డీజిలైతే 1500 సీసీ లోపు ఉంటే 18 శాతం. అంతకన్నా పెద్దవాటికి 40 శాతం. ఇది సరదా కోరేవాళ్లకి చెడ్డ వార్త కాదు. ఒక లీటరు టర్బో ఇంజిన్లు (గాలిని ఒత్తి లోపలికి పంపి బలం పెంచుకునే చిన్న ఇంజిన్లు) వేసుకున్న నాలుగు మీటర్ల లోపు కార్లు చాలానే ఉన్నాయి, అవన్నీ చిన్న కార్ల లెక్కలోకే వస్తాయి.

లోను విషయం ఒక్క ఉదాహరణతో వదిలేస్తాను. 8 లక్షలు 9 శాతానికి అయిదేళ్లకు తీసుకుంటే నెలకి సుమారు 16,600 కట్టాలి, మొత్తం వడ్డీ 1.96 లక్షలు. ఏడేళ్లకు పెడితే నెలకి 12,870 దగ్గర ఉంటుంది, వడ్డీ 2.81 లక్షలు అవుతుంది. నెలవారీ కంతు చిన్నగా చూపించి పై వేరియంట్ అంటగట్టడం షోరూముల్లో మామూలే. అయిదేళ్ల కంతు కట్టలేని కారు మీ కారు కాదని అనుకోండి.

ఎక్కేవాళ్లని, ఎక్కించేవాటిని కొలవండి

ఇంట్లో పెద్దవాళ్లు సులువుగా కూర్చుని లేచే కుర్చీ ఏదో చూసి, దాని ఎత్తు నేల నుంచి టేపుతో కొలవండి. షోరూములో కారు సీటు ఎత్తు కూడా అలాగే కొలవండి. సేల్స్ అబ్బాయి వింతగా చూసినా పట్టించుకోకండి. కుర్చీకి దగ్గరగా ఉన్న కారులో వాళ్లు జారినట్టు కూర్చోవచ్చు, కూలబడక్కర్లేదు, ఎగిరి ఎక్కక్కర్లేదు. వీలైతే వాళ్లనే తీసుకెళ్లి మూడుసార్లు ఎక్కించి దించండి. మొదటిసారి మొహమాటానికి "బాగానే ఉంది" అంటారు. మూడోసారి వాళ్ల చెయ్యి ఆసరాకి ఎక్కడ పట్టుకుంటుందో చూస్తే నిజం తెలిసిపోతుంది.

డిక్కీ లీటర్లు కాగితం మీద చూసుకోవచ్చు: మారుతి స్విఫ్ట్‌కి 265, డిజైర్‌కి 382, స్కోడా కైలాక్‌కి 446, ఫోక్స్‌వ్యాగన్ వర్టస్‌కి 521. కానీ సంక్రాంతికి వెళ్లి తిరిగొచ్చేటప్పుడు మన డిక్కీలో ఉండేవి లీటర్లు కావు. బియ్యం మూట, చెనక్కాయల సంచి, నూనె డబ్బా, పచ్చళ్ల జాడీలు, ఇద్దరి సూట్‌కేసులు. మీ పెద్ద సూట్‌కేసు షోరూముకి తీసుకెళ్లి పెట్టి చూడండి. సెడాన్ డిక్కీ లోతుగా ఉన్నా నోరు చిన్నది, నిలువు మూట పట్టదు. సీఎన్జీ కారైతే సిలిండరు ఎంత చోటు మింగిందో కూడా చూడండి.

ఏడాదికి ఒకసారి ఏడుగురు కలిసి తిరుపతి వెళ్తారని ఏడు సీట్ల కారు కొనకండి. ఆ రెండు రోజులకి పెద్ద బండి అద్దెకు తీసుకోండి. మిగతా రోజులన్నీ ఆ బరువును మీరొక్కరే రింగు రోడ్డు మీద ఈడ్చుకు తిరగక్కర్లేదు.

పార్కింగ్ కూడా ఈ జల్లెడలోదే. మీ అపార్ట్‌మెంట్ సెల్లారులో రెండు స్తంభాల మధ్య వెడల్పు కొలవండి, తలుపు తెరుచుకుని మనిషి దిగేంత చోటు దానికి కలపండి. ర్యాంపు వంపు నిటారుగా ఉంటే కింద భాగం రాసుకుంటుంది. గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకి, కారు అడుగుకి మధ్య ఎత్తు) స్విఫ్ట్‌కి 163 మిల్లీమీటర్లు, వర్టస్‌కి 179, కైలాక్‌కి 189. మీ వీధిలో ఎవరికి వాళ్లు వేసుకున్న హంపులుంటే, నలుగురు కూర్చున్నాక ఆ కొద్ది మిల్లీమీటర్ల తేడా ఎంత ముఖ్యమో తెలుస్తుంది.

భద్రతని తూచకండి

దీని మీద ఎక్కువ చెప్పను. 2018లో టాటా నెక్సాన్ గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే క్రాష్ పరీక్షలో అయిదు స్టార్లు తెచ్చుకున్న మొదటి భారతీయ కారు అయ్యింది. 2024లో కొత్త డిజైర్ అదే పరీక్షలో అయిదు తెచ్చుకుంది. 2023 నుంచి మనకు సొంత పరీక్ష భారత్ ఎన్‌క్యాప్ కూడా ఉంది. ఇప్పుడు చిన్న ధరలోనూ మంచి రేటింగు ఉన్న కార్లు దొరుకుతున్నాయి కాబట్టి రాజీ పడాల్సిన పని లేదు. మీరు కొనే వేరియంట్‌లో ఆరు ఎయిర్‌బ్యాగులు, స్టెబిలిటీ కంట్రోల్ (కారు జారకుండా అదుపులో ఉంచేది) ఉన్నాయో లేదో బ్రోచరులో వేలు పెట్టి చూసుకోండి. సన్‌రూఫ్ కోసం వీటిని వదులుకోకండి.

ఇక సరదా: అది ఎక్కడుంటుంది?

చాలామంది సరదా అంటే హార్స్‌పవర్ అనుకుంటారు. బెంగళూరులో మీరు రోజూ వెళ్లే వేగం గంటకి ఇరవై, ముప్పై, బాగా ఖాళీ ఉంటే యాభై. ఆ వేగంలో మీ చేతికి, కాలికి, నడుముకి తగిలేదే సరదా. క్లచ్ ఎంత మెత్తగా పట్టుకుంటుంది, గేరు ఎంత చిన్న కదలికతో పడుతుంది, స్టీరింగ్ తిప్పితే కారు వెంటనే తిరుగుతుందా ఒక క్షణం ఆలోచిస్తుందా, ముందు బంపరు అంచు ఎక్కడుందో సీట్లో కూర్చుని ఊహించగలుగుతున్నారా, ఇవి చూడాలి. తేలికైన కారు వంద కిలోమీటర్ల వేగంలో ఇవ్వలేని ఆనందాన్ని నలభైలో ఇస్తుంది. స్విఫ్ట్ తొమ్మిది వందల కిలోల చిల్లర బరువుంటుంది. అందుకే ఇంజిను మామూలుదైనా సందుల్లో చురుగ్గా తిరుగుతుంది.

ఇంజిన్ల తేడా అంకెల్లో చూడండి. స్విఫ్ట్ 1.2 పెట్రోలు ఇంజిను 112 ఎన్ఎమ్ (న్యూటన్ మీటర్ల) టార్కు, అంటే లాగే బలం ఇస్తుంది, అది పూర్తిగా రావడం 4,300 ఆర్‌పీఎం (ఇంజిను నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర. కైలాక్‌లోని ఒక లీటరు టర్బో 178 ఎన్ఎమ్ ఇస్తుంది, అది 1,750 దగ్గరే మొదలవుతుంది. హైవే మీద లారీని దాటాలంటే టర్బోలో కాలు కొంచెం నొక్కితే చాలు. మామూలు ఇంజినైతే ఒక గేరు తగ్గించి, గోలగా తిప్పి దాటాలి. అయితే టర్బో 1,750 కింద ఉన్నప్పుడు కొంచెం నిద్రలో ఉంటుంది. హంపు ఎక్కి దిగి రెండో గేరులో లాగేటప్పుడు ఆ నిద్ర మీకు చిరాకు తెప్పిస్తుందా అన్నది నడిపి చూస్తేనే తెలుస్తుంది. ఆ మొదటి క్షణంలో మామూలు ఇంజినే మాట వింటుంది. బెంగళూరు లోపలే తిరిగేవాళ్లు టర్బోకి అదనంగా డబ్బు పెట్టే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

గేరుబాక్సు మీద నా అభిప్రాయం గట్టిగానే ఉంది. రోజూ గంటన్నర రింగు రోడ్డు మీద గడిపేవాళ్లు ఆటోమేటిక్ తీసుకోండి. ఆటోమేటిక్‌లో నాలుగు రకాలు దొరుకుతాయి. సీవీటీ గానీ టార్క్ కన్వర్టర్ గానీ అయితే మెత్తగా జరుగుతుంది. ఏఎంటీ (మాన్యువల్ గేరుబాక్సునే యంత్రం మార్చే రకం) చవక, మైలేజీ కూడా బాగుంటుంది, కానీ గేరు మారేటప్పుడు తల ఊగుతుంది. కొందరికి అది వారంలో అలవాటైపోతుంది, కొందరికి ఏడాదైనా కాదు. డీసీటీ (రెండు క్లచ్‌లుండే రకం) హైవేలో అద్భుతంగా ఉంటుంది. అయితే డ్రై క్లచ్ రకం (క్లచ్ నూనెలో మునగనిది) గంటల తరబడి పాకే ట్రాఫిక్‌లో వేడెక్కవచ్చు, కాబట్టి ఏ రకమో అడిగి తెలుసుకోండి. వారానికి రెండు రోజులే నడిపేవాళ్లు మాత్రం మాన్యువల్ కొనండి. పెనుకొండ దాటాక గుట్టల మధ్య మలుపులో మూడో గేరులోకి దించి లాగితే వచ్చే ఆ చప్పుడు, ఆ పట్టు, ఆటోమేటిక్‌లో నాకు ఎప్పుడూ దొరకలేదు.

ఫోర్డ్ 2021లో ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది, ఫోక్స్‌వ్యాగన్ పోలో 2022లో ఆగిపోయింది. నడపడం ఇష్టమైనవాళ్లు ఇప్పటికీ ఆ పాత కార్ల కోసం సెకండ్ హ్యాండ్‌లో వెతుకుతారు. నాకూ అవంటే ప్రేమే. కానీ మొదటి కారుగా వద్దంటాను. మొదటి కారు నేర్చుకునే కారు. గీతలు పడతాయి, బంపరు తగులుతుంది, పార్టులు ఊళ్లో కూడా దొరకాలి.

టెస్ట్ డ్రైవ్: ఒక గంట, సాయంత్రం, నలుగురితో

ఆదివారం పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద పది నిమిషాల టెస్ట్ డ్రైవ్ చేసి కొన్నాను నేను. ఆ పది నిమిషాల్లో ఏ కారైనా బాగుంటుంది. మీరు పనిదినం సాయంత్రం ఆరు గంటలకి అడగండి. ఒక గంట ఇవ్వమని ముందే ఫోనులో చెప్పండి, ఇవ్వకపోతే ఇంకో షోరూము ఉంది. ఇంట్లోవాళ్లని ముగ్గురిని ఎక్కించుకోండి, ఏసీ ఫుల్లుగా పెట్టండి. షోరూమువాళ్లు చూపించే దారిలో కాకుండా మీ ఇంటి దారిలో నడపండి. మీ వీధి హంపు, మీ సెల్లారు ర్యాంపు, ఒక గుంతల రోడ్డు, ఒక ఫ్లైఓవర్ ఎక్కుడు, ఒక యూటర్న్ అందులో ఉండాలి.

ఫ్లైఓవర్ ఎక్కుడు మీద ట్రాఫిక్ ఆగినప్పుడు కావాలనే ఆగి మళ్లీ కదిలించండి. నలుగురి బరువుతో, ఏసీతో కారు వణకకుండా కదిలిందా, వెనక్కి జారిందా చూడండి. గుంతలో పడ్డప్పుడు వెనక సీట్లో అమ్మ మాట్లాడుతున్న వాక్యం తెగిందా లేదా వినండి. వెనకవాళ్ల నడుముకి ఎంత తగిలిందో సస్పెన్షన్ గురించిన ఏ రివ్యూ కన్నా అది బాగా చెబుతుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మూడు సిలిండర్ల ఇంజిను వణుకు స్టీరింగ్‌లోకి వస్తోందా అని చేయి వదులుగా పెట్టి చూడండి. యూటర్న్ ఒక్క తిప్పులో అయిందా? రివర్సులో కారు వెనక అద్దం పక్కనుండే స్తంభం మీకు కనబడనివ్వకుండా ఏం దాస్తోంది?

దిగిన వెంటనే, సేల్స్ అబ్బాయితో మాట్లాడే ముందే, నోటుబుక్కులో మూడు లైన్లు రాయండి. రెండో కారు నడిపాక మొదటిదాని గుర్తు మసకబారుతుంది. ఇంకో మాట కూడా రాయండి: "ఇంకో రౌండు వేద్దామనిపించిందా?" జల్లెడ దాటిన కార్లలో దీనికి అవునని వచ్చిన కారే మీ కారు. పక్కింటివాళ్ల కారు కన్నా డిక్కీ చిన్నదైనా, ఆఫీసులో ఎవరూ దాన్ని మెచ్చుకోకపోయినా సరే.

బుకింగ్, డెలివరీ

కొటేషన్‌లో హ్యాండ్లింగ్ చార్జీ, లాజిస్టిక్స్ చార్జీ లాంటి లైను కనిపిస్తే తీసేయమనండి. ఇన్సూరెన్సు షోరూములోనే తీసుకోవాలన్న నిబంధన లేదు. బయట కొటేషన్లు తెచ్చి చూపిస్తే వాళ్లే తగ్గిస్తారు. కొత్త కారుకి మూడేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు 2018 సెప్టెంబరు నుంచి తప్పనిసరి. దానితో పాటు జీరో డిప్రిసియేషన్ (పార్టుల పాతదనానికి కోత లేకుండా ఇచ్చేది), ఇంజిన్ ప్రొటెక్షన్ తీసుకోండి. 2022 సెప్టెంబరులో రింగు రోడ్డు మునిగినప్పుడు సెల్లార్లలో కార్లు నీళ్లలో నిలబడ్డాయి. నీళ్లలో ఉన్న ఇంజినుని స్టార్ట్ చేస్తే లోపల రాడ్లు వంగిపోతాయి, మామూలు పాలసీ ఆ ఖర్చు ఇవ్వదు.

రిజిస్ట్రేషన్ కాకముందే కారుని పగటి వెలుతురులో చూడాలని పట్టుబట్టండి. నంబరు పడ్డాక మీ మాటకి బలం తగ్గిపోతుంది. అయిదు టైర్ల పక్కన ఉండే నాలుగంకెల తేదీ చదవండి, 2325 అని ఉంటే 2025లో 23వ వారం తయారైందని అర్థం. ఛాసిస్ నంబరు ఇన్‌వాయిస్‌తో సరిపోవాలి, తయారీ నెల అడిగి చూసుకోవాలి. తలుపుల రంగు పక్క నుంచి చూస్తే రెండో పూత తేడా తెలుస్తుంది. స్పేరు టైరు, జాకీ, రెండు తాళాలు లెక్క చూసుకోండి.

మొదటి వెయ్యి కిలోమీటర్లు ఇంజినుని గట్టిగా తిప్పకండి, ఒకే వేగంలో గంటల కొద్దీ పోనివ్వకండి. కారుతో వచ్చిన పుస్తకంలో ఎంత ఆర్‌పీఎం దాటకూడదో ఉంటుంది. ఊరి ప్రయాణం ఆ తర్వాత పెట్టుకోండి. టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూపించుకుని, తెల్లవారుజామున అయిదింటికి హెబ్బాళ దాటితే దేవనహళ్లి, చిక్కబళ్లాపురం ఖాళీగా ఉంటాయి. బాగేపల్లి దగ్గర ఆగి టీ తాగేటప్పుడు వెనక సీట్లోవాళ్లు తమంతట తాము దిగుతున్నారా, మీరు భుజం పట్టాల్సి వస్తోందా చూసుకోండి. మా రెండో కారులో నాన్న అక్కడ తలుపు తనే తీసుకుని దిగి, నాకన్నా ముందు టీ బండి దగ్గరికి నడిచారు.